ఉత్తమచిత్ర తారతమ్యము : బొగ్గుగనుల సీమలో ప్రేక్షకవాదములు

కావ్యములకు తరతమములు నిర్ణయించుట మన సాహిత్యలోకమునకు క్రొత్త వ్యాపారము కాదు. మమ్మటుడు కావ్యప్రకాశమున కావ్యమును ఉత్తమ మధ్యమాధమములని మూడు తెఱగులుగా విభజించెను. తెలుగుగడ్డకు చెందిన జగన్నాథ పండితరాయలు ఆ మూటితో తృప్తి చెందక, రసగంగాధరమున వానిపైన ఉత్తమోత్తమమను మఱొక మెట్టును నిలిపెను. ఇక తెలుగున పంచకావ్యములను పట్టిక యొకటి విద్వద్గోష్ఠులలో తరతరములుగా చెల్లుచున్నది. అందు మనుచరిత్ర వసుచరిత్రలను గూర్చి పేచీ లేదు. కాని ఒకరి పట్టికలో పారిజాతాపహరణమున్నచోట మఱొకరి పట్టికలో శృంగారనైషధము కానవచ్చును. అనగా పట్టిక యున్నదన్న విషయమున ఏకాభిప్రాయమును, పట్టికలో నేమున్నదన్న విషయమున భిన్నాభిప్రాయమును మన పండితులకు మొదటినుండియు కలవు.

ఇందొక చమత్కారము కూడ కలదు. ఆలంకారికులు అధమకావ్యమునకు చిత్రమని పేరిడిరి. నేడు చిత్రమన్నచో జనసామాన్యమునకు స్ఫురించునది చలనచిత్రమే. శాస్త్రము క్రిందిమెట్టున కూర్చుండబెట్టిన పేరుగల దానిలోనే ఉత్తమోత్తమమును వెదకుటకు జనులు నేడు పూనుకొనియున్నారు. ఈ వెదకులాట పండితుల గోష్ఠులలో కంటె టీ హోటళ్ళ బల్లలయొద్దను, కాలనీల అరుగులమీదను హెచ్చుగా సాగుచున్నది. అట్టి వాదములకు సింగరేణి బొగ్గుగనుల సీమయందలి రామగుండము, గోదావరిఖని ప్రాంతములు మంచి నెలవులు. ఆ వాదములలో ఏ లక్షణములు ప్రమాణములుగా గ్రహింపబడుచున్నవి, ఆ ప్రమాణములు ఎంతవఱకు నిలుచును, వానివలన నష్టపోవుచున్నదేది యను మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింప నెంచినాము.

వాదమునకు విషయమగునది సామాన్యముగ ఒక దశకమే. తెలుగు చలనచిత్రములకు స్వర్ణయుగమని పలువురు చెప్పుకొను 1951 మొదలు 1960 వఱకు గల పదియేండ్లలో వచ్చిన చిత్రములలో మొదటిది యేది, రెండవది యేది, పదింటిలో చేరదగినవి యేవి యను చర్చ ఆ ప్రాంతమున మేము పలుమాఱులు వినియున్నాము. అది లెక్కలు గట్టి చేసిన విచారణ కాదు. ఎవరెన్ని మతములు వేసిరన్న సంఖ్య మా యొద్ద లేదు. మాకు కావలసినది సంఖ్యయు కాదు. మొదటిస్థానము నిచ్చినవాడు ఏ కారణము చెప్పి యిచ్చుచున్నాడన్నదే విమర్శకునకు ముఖ్యము.

ఆ ప్రాంతమును గూర్చి కొంత చెప్పుట అవసరము. 1871లో ఇల్లెందు దాపున బొగ్గు నిక్షేపములను భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ కనుగొనెను. సింగరేణి యను పల్లెపేరు 1920లో ఏర్పడిన కంపెనీకి నిలిచిపోయినది. నేడా సంస్థలో రాష్ట్రప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రప్రభుత్వమునకు 49 వంతులు కలవు. గోదావరిఖని గనులు మాత్రము చాల తరువాతివి. 1960ల ఆరంభమున గోదావరీతీరమున గనులు త్రవ్వనారంభించిన పిమ్మట, పరిసర గ్రామములనుండియు దూరప్రాంతములనుండియు వచ్చిన శ్రామికులతో ఆ పట్టణము పెరిగినది. దీనినిబట్టి ఒక విశేషము తేలుచున్నది. ఏ దశకమును గూర్చి అక్కడివారు వాదించుచున్నారో ఆ దశకము ముగియునాటికి ఆ పట్టణమే సరిగా పుట్టలేదు. పాతాళభైరవి గాని, దేవదాసు గాని, మాయాబజారు గాని తొలివిడుదలలో గోదావరిఖనికి వచ్చినవి కావు. మలివిడుదలలుగా వచ్చినవి, తరువాత దూరదర్శనములో వచ్చినవి, నేడు చేతిఫోనులలో చూడబడుచున్నవి. విజయవాడ, మద్రాసులవంటి నగరముల ప్రేక్షకునకు ఆ చిత్రములతో పాటు విడుదలనాటి సందడియు జ్ఞాపకమున నుండును. గని పట్టణపు ప్రేక్షకునకు చిత్రము ఒంటరిగా వచ్చినది. దాని వెనుక ప్రచారాడంబరము లేదు. అందుచేత అక్కడి తీర్పులలో చిత్రమును చిత్రముగనే చూచు గుణము కొంత హెచ్చుగా నున్నదని మా యభిప్రాయము.

ఇక వాదమున తఱచుగా వినవచ్చు చిత్రము లివి : కె. వి. రెడ్డి దర్శకత్వమున విజయావారు నిర్మించిన పాతాళభైరవి (1951), మాయాబజారు (1957), బి. ఎన్. రెడ్డి మల్లీశ్వరి (1951), వేదాంతం రాఘవయ్య దేవదాసు (1953), ఎల్. వి. ప్రసాదు మిస్సమ్మ (1955). ఈ యైదును ఇంచుమించుగ ప్రతి పట్టికలోను ఉండును. వీనిని నవీన పంచకావ్యములని హాస్యముగ అనవచ్చును. వీనికి దిగువ పెద్దమనుషులు (1954), రోజులు మారాయి (1955), దొంగరాముడు (1955), తెనాలి రామకృష్ణ (1956), తోడికోడళ్ళు (1957), అప్పుచేసి పప్పుకూడు (1959) మున్నగునవి ఒక్కొక్కరి రుచినిబట్టి ఎక్కుచు దిగుచు నుండును.

ఈ తీర్పులకు మూలమైన ప్రమాణములలో మొదటిది పునర్దర్శనసహత్వము. అనగా ఎన్నిమాఱులు చూచినను విసుగు పుట్టింపకుండుట. ఏ చిత్రము మొదటిదని యడిగినచో, ఎన్నిసార్లు చూచితివని యెదురుప్రశ్న వేయుట అక్కడి వాదముల పద్ధతి. ఈ ప్రమాణమున మాయాబజారును జయించినది లేదు. ఆ చిత్రమున కథ యెల్లరకు తెలిసినదే. ముగింపు మొదటనే తెలిసినదే. పాండవుల సంసారమునకు చెందిన కథయైనను పాండవులొక్క పర్యాయమైనను తెరపై కానరారు. ఇట్టి కథ మరల మరల చూడబడుచున్నదన్నచో, ప్రేక్షకుని పట్టియుంచునది ఏమగునో యను కుతూహలము కాదు, ఎట్లు చేసిరన్న ఆశ్చర్యమని తెలియుచున్నది. మహాభారతమును, హరికథను, యక్షగానమును ఆదరించిన జాతికి ఈ ఆస్వాదనము సహజమే. తెలిసిన కథను తెలియని తీరున చెప్పుటయే మన పురాణశ్రవణమునకు జీవము.

ఈ ప్రమాణము ప్రభుత్వ పురస్కారముల తీర్పును కూడ త్రోసివేయగలిగినది. 1957వ సంవత్సరపు తెలుగు చిత్రములలో జాతీయ పురస్కారము పొందినది బి. ఎన్. రెడ్డి భాగ్యరేఖ. నేడు దశకపు పట్టిక వేయువారిలో ఆ పేరు తలంచువారు అరుదు. మాయాబజారో, 2010లో వర్ణములు దిద్దుకొని మరల విడుదలయై, 2013లో భారతీయ చలనచిత్ర శతాబ్ది సందర్భమున ఒక ఆంగ్ల వార్తాప్రసార సంస్థ సేకరించిన జనాభిప్రాయమున దేశమునందలి సమస్త చిత్రములలోను ప్రథమమని యెన్నిక గన్నది. నిర్ణేతల సంఘము ఒకమాఱు చూచి చెప్పిన తీర్పునకును, జనులు అరువదియేండ్లు చూచి చెప్పిన తీర్పునకును గల భేదమిది. భాగ్యరేఖ దోషభూయిష్ఠమని దీనివలన తేలదు. ఆ రెండు తీర్పులు రెండు వేఱు ప్రశ్నలకు సమాధానములని మాత్రము తేలును.

రెండవ ప్రమాణము పనితనము. గని పట్టణపు వాదములలో ఈ మాట మిక్కిలిగా వినవచ్చును. నాయకుని అందమును గూర్చి కంటె ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే తెరపై పఱచిన వెన్నెలను గూర్చి, పింగళి నాగేంద్రరావు సంభాషణలను గూర్చి, ఘంటసాల నేపథ్యసంగీతమును గూర్చి విడివిడిగా మాటాడుదురు. భూగర్భమున పనిచేయు చోట పైకప్పునకు ఆధారము నిలిపినవాడు, బొగ్గును ప్రేల్చువాడు, ఎత్తువాడు, గాలి పోకడ గమనించువాడు — వీరిలో ఒక్కడు తప్పినను తక్కినవారి పని చెడును. ప్రాణమునకును ముప్పు వచ్చును. అట్టి సమష్టిశ్రమ నెఱిగినవారు సమష్టిసృష్టియగు చలనచిత్రమును ఒక్క నటునిదిగా గాక పలువురు పనివాండ్రదిగా చూచుట వింత కాదు.

ఈ సందర్భమున పదసృష్టిని గూర్చిన ప్రీతి గమనింపదగినది. పాతాళభైరవి నాటి డింగరి, మిస్సమ్మ నాటి తైలము, మాయాబజారు నాటి అసమదీయులు, తసమదీయులు, గింబళి, వీరతాళ్ళు — ఇవి అక్కడి నిత్యవ్యవహారమున నేటికిని చెల్లుచున్నవి. గని పట్టణముయొక్క భాషయే ఇట్టి కల్పనము. పలు ఊళ్ళనుండి, పలు భాషలనుండి వచ్చినవారు భూమిలోపల ఒకరికొకరు తెలియుటకై కూర్చుకొన్న మాటలతో అది యేర్పడినది. బొగ్గుబాయి, తట్టాచెమ్మసు, మస్టరు, నాగా, ప్లేడే, సర్దారు — వీనిలో కొన్ని ఆంగ్లము, కొన్ని ఉర్దూ, కొన్ని ఎక్కడివో తెలియనివి. నిఘంటువుల యనుమతి నడుగక పనికి వచ్చిన మాటను పుట్టించుకొన్న జనులకు ఘటోత్కచుని శిష్యుల మాటలు నవ్వుతో పాటు అభిమానమును కూడ కలిగించుట సహజము. పింగళి హాస్యమును ఊరక హాస్యమని వదలిన విమర్శకులకంటె దానిని భాషావిషయముగ గుర్తించిన ఈ ప్రేక్షకులు ఒక అడుగు ముందున్నారని మేము తలంచుచున్నాము.

మూడవ ప్రమాణము ఔచిత్యము. క్షేమేంద్రుడు కావ్యమునకు జీవితమని చెప్పిన ఈ గుణమును గూర్చి దేవదాసు విషయమున తీవ్రమైన వాదము జరుగుచుండును. శరత్చంద్రుని నవలనుండి వచ్చిన ఆ కథలో అక్కినేని నాగేశ్వరరావు నటనమును, సావిత్రి పార్వతిని, సుబ్బరామన్ బాణీలను నిరాకరించువారు లేరు. కాని ఆ చిత్రమును మొదటి మూటిలో చేర్చుటకు కాలనీలలోని స్త్రీలు తఱచుగా అంగీకరింపరు. త్రాగుడువలన చెడిన సంసారములను కండ్లార చూచినవారికి, త్రాగుచు నశించుటను ప్రేమకు పరాకాష్ఠగా చూపుట రుచింపదు. పురుషులు దీనికి సమాధానముగ, అది త్రాగుడును పొగడిన చిత్రము కాదు, ధైర్యము లేనివాని పతనమును చూపిన చిత్రమని యందురు. ఇరువురి మాటయు శాస్త్రసమ్మతమే. మొదటివారు రసము సామాజికునియందు కలిగించు ఫలమును బట్టియు, రెండవవారు కావ్యమునందలి పాత్రస్వభావమును బట్టియు తీర్పు చెప్పుచున్నారు. శోకము స్థాయియైనపుడు ఆలంబనమగు నాయకుడు సానుభూతికి అర్హుడు కావలెను గదా. దేవదాసు అర్హుడా కాడా యనుటయే ఆ వాదమున అసలు చిక్కు. పట్టికలో మూడవదా ఆఱవదా యన్న ప్రశ్న ఇట్టి విచారమునకు దారితీయుచున్నంతవఱకు తారతమ్యవాదము వృథా కాదు.

మల్లీశ్వరి విషయమున వాదము వేఱొక తీరున నుండును. దేవులపల్లి కృష్ణశాస్త్రి చిత్రరంగమున కడుగిడిన కృతి యది. సాలూరు రాజేశ్వరరావు సంగీతము, భానుమతి గానము దానికి ప్రాణములు. దానిని మొదట నిలుపువారు పాటలను చెప్పుదురు. దిగువకు దింపువారు నడక నెమ్మదియందురు. ఈ రెండు మాటలును ఒకే గుణమును గూర్చినవని వాదించువారు గమనింపకున్నారు. రాణివాసమునకు తరలింపబడిన పల్లెపడుచు విరహము త్వరగా నడచు కథ కాదు. నిరీక్షణము కథావస్తువైనపుడు విలంబము దోషము కాదు, ఔచిత్యమే యగును. గీతము కథను ఆపుచున్నదా, కథయే గీతముగా మాఱుచున్నదా యని ప్రశ్నించుకొన్నచో మల్లీశ్వరి స్థానము కొంత పైకి జరుగునని మా నమ్మకము.

ప్రమాణములతో పాటు ఒక దోషమును కూడ చెప్పవలెను. అది నటాభిమానము. నందమూరి తారకరామారావు పక్షమువారు పాతాళభైరవిని, నాగేశ్వరరావు పక్షమువారు దేవదాసును ముందునకు త్రోయుదురు. ఈ పోరు తెగనపుడు ఇరువురు నటులును కలిసి నటించిన చిత్రములు సంధిస్థానములగును. మాయాబజారున ఒకరు శ్రీకృష్ణుడు, మఱొకరు అభిమన్యుడు. మిస్సమ్మలోను ఇరువురును కలరు. ఆ రెండు చిత్రముల అగ్రస్థానమునకు వాని గుణములతో పాటు ఈ రాజీయు కొంత కారణమని చెప్పక తప్పదు. అయినను ఆ రాజీలో నుండియే ఒక సత్యము బయల్పడినది. ఇరుపక్షములవారు తమ నాయకుని ప్రక్కన బెట్టి, మాయాబజారు ఎస్. వి. రంగారావుదనియు సావిత్రిదనియు ఒప్పుకొందురు. శశిరేఖ వేషమున నున్న ఘటోత్కచుని సావిత్రి నటించినపుడు, ఆమె నడకలో రంగారావు కానవచ్చుట అభినయమునకు పరమావధి. అభిమానము తొలగినచోట విమర్శ ఆరంభమగుచున్నది.

ఇంతవఱకు చెప్పినది ఆ వాదములందలి సారము. ఇక నష్టమును గూర్చి విచారింతము. పునర్దర్శనసహత్వము ప్రధానప్రమాణమైనపుడు పట్టికలో క్రమముగ క్రిందికి జారినది రోజులు మారాయి. తాపీ చాణక్య దర్శకత్వమున, తాపీ ధర్మారావు సంభాషణలతో 1955లో వచ్చిన ఆ చిత్రము భూస్వామికిని గ్రామాధికారికిని ఎదురు నిలిచిన రైతులను గూర్చినది. నాయకుడు దళితకన్యను పెండ్లాడినది. కొసరాజు వ్రాసిన ఏరువాక పాట నేటికిని వినబడుచున్నను, చిత్రము పాతబడినదని, పాఠము చెప్పినట్లున్నదని నేటి యువకులు త్రోసిపుచ్చుచున్నారు. పెద్దమనుషులు చిత్రమునకును కొంత ఇదే గతి. ఇబ్సెన్ నాటకపు ఛాయతో పురపాలకసంఘపు పెద్దరికము వెనుకనున్న వంచనను చూపి, 1954వ సంవత్సరమునకు రాష్ట్రపతి రజతపతకము గైకొన్న చిత్రమది. దానికి దర్శకుడు మాయాబజారును తీసిన కె. వి. రెడ్డియే యగుట గమనార్హము. ఒకే చేతినుండి మూడేండ్ల వ్యవధిలో వచ్చిన రెండు చిత్రములలో ఒకటి పట్టికకు శిఖరమై, మఱొకటి అంచున వ్రేలాడుచున్నది. శిల్పలోపము కారణమని చెప్పుటకు వీలులేదు. మఱి కారణమేమి?

మన ధర్మశాస్త్రములు కర్మలను నిత్యములని, నైమిత్తికములని విభజించినవి. సంధ్యావందనము నిత్యము, జాతకర్మ నైమిత్తికము. ప్రతిదినము చేయబడదు గావున జాతకర్మ సంధ్యావందనముకంటె తక్కువదని ఏ శాస్త్రమును చెప్పలేదు. ఒక నిమిత్తము కలిగినపుడు అది చేయవలసినది. చేసినపుడు దాని ఫలము సంపూర్ణము. కళాకృతులలోను ఇట్టి భేదము కలదని మేము ప్రతిపాదించుచున్నాము. మాయాబజారు, పాతాళభైరవి, మిస్సమ్మ నిత్యములు. వానికి ప్రత్యేకకాలము అక్కఱలేదు. రోజులు మారాయి, పెద్దమనుషులు నైమిత్తికములు. కౌలుదారీ హక్కులను గూర్చి, క్రొత్తగా వచ్చిన ప్రజాపాలనమును గూర్చి దేశము తర్కించుచున్న దినములలో అవి పుట్టినవి. ఎన్నిసార్లు చూచితివను ప్రశ్న నిత్యమునకు తగినది. నైమిత్తికమునకు అడుగవలసినది ఎప్పుడు చూచితివి, అపుడు నీకేమయ్యెనని. మొదటి ప్రశ్ననే అన్నిటికి వేసినచో నైమిత్తికమెల్లపుడు ఓడిపోవును.

ఇట్టి నష్టము మన సాహిత్యమునకు కూడ కలిగియున్నది. ప్రబంధలక్షణములను కొలతబద్దగ పట్టి పంచకావ్యములను ఏర్పఱచినపుడు, ద్విపదలో జనులకై వ్రాయబడిన పాల్కురికి సోమనాథుని బసవపురాణమునకు ఆ పట్టికలో చోటు లేదు. చోటు లేకపోవుట దాని లోపము కాదు, కొలతబద్దయొక్క స్వభావము. పట్టిక చూచి కావ్యమును తూచుటకు ముందు పట్టికను తూచవలెనని దీనివలన నేర్చుకొనవలసి యున్నది.

నిమిత్తము ఒకమాఱు పోయినచో మరల రాదని కూడ తలంపరాదు. రామగుండము పరిసరములలో భూగర్భగనులతో పాటు ఓపెన్‌కాస్టు గనులు పెరిగిన పిమ్మట, పొలములును ఊళ్ళును గనులకై ఈయవలసి వచ్చిన కుటుంబములు పెక్కు కలవు. అట్టి కుటుంబమునకు చెందిన వృద్ధుడొకడు ఒక వాదమున రోజులు మారాయిని మొదట నిలిపి, తక్కిన చిత్రములలో భూమి నేలగా నున్నది, దీనిలోనే బ్రతుకుగా నున్నదని చెప్పుట మేము వినినాము. తక్కినవారు ఆతనితో ఏకీభవింపలేదు. ఆతడు చెప్పిన కారణమును ఖండింపనులేదు. నిమిత్తము తిరిగివచ్చినచోట నైమిత్తికకృతి మరల జీవించునని ఆ మాటలో స్పష్టమైనది.

ఇక్కడ మఱొక లోటు ముందునకు వచ్చును. ఆ దశకపు ఉత్తమచిత్రములని యెన్నబడిన వేనిలోను బొగ్గుగని లేదు. గని కార్మికుడు లేడు. ఆ సీమలోని పలుకుబడియు లేదు. అవి అత్యధికముగ మద్రాసులో, కోస్తా జిల్లాలనుండి వెడలిన రచయితల చేతులలో రూపొందినవి. 1956 నవంబరు 1న రెండు ప్రాంతములు ఒక రాష్ట్రమైనను తెరమీది భాష వెంటనే విశాలము కాలేదు. సాహిత్యము ఈ లోటును కొంత తీర్చినది. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి మున్నగు కథకులు ఆ ప్రాంతపు శ్రమజీవనమును కథలలోనికి తెచ్చిరి. ప్రధానస్రవంతి చలనచిత్రము మాత్రము చాలకాలము ఆ దిక్కు చూడలేదు. 2023లో వచ్చిన దసరా, సింగరేణి గనుల చేరువనున్న వీర్లపల్లి యను పల్లెను, కదలు రైలునుండి బొగ్గు దొంగిలించు యువకులను, ఊరిని పట్టిన త్రాగుడును తెరకెక్కించినది. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల. ఆ చిత్రమును గూర్చి గోదావరిఖనిలో వినవచ్చు అభిప్రాయము ద్వివిధము. మన మాట, మన మసి తెరపై కనబడినవని సంతోషించువారు కొందఱు. బొగ్గు కనబడినది గాని బొగ్గు త్రవ్వువాని పని కనబడలేదని యాక్షేపించువారు మఱికొందఱు. రెండవ యాక్షేపము పైన చెప్పిన పనితనపు ప్రమాణమునుండి పుట్టినదే యని మేము గ్రహింపగలము. మాయాబజారును మెచ్చిన కన్నే దసరాను పరీక్షించుచున్నది.

మఱి గని లేని చిత్రములను గని పట్టణము తలపై నెత్తుకొనుట ఆత్మవిస్మృతి యగునా? అగునని కొందఱు విమర్శకులు అనవచ్చును. మేము అంగీకరింపము. తన జీవితమునకు ప్రతిబింబమైన కృతినే ప్రేమింపవలెనన్నచో కావ్యలోకము మిక్కిలి ఇఱుకగును. మాయాబజారున ఆ శ్రామికులు తమ ముఖమును చూచుకొనుటలేదు. తమ విలువలను చూచుకొనుచున్నారు. చేయి తిరిగిన పని, కలిసి చేసిన పని, మాటలోని చమత్కారము, బలవంతుని డాంబికమును నవ్వుతో కూలద్రోయుట — ఇవి వారి విలువలే. కాని ప్రతిబింబము లేని లోటును ఈ విలువలు పూరింపవు. ప్రేమించుటయు లోటును గుర్తించుటయు ఏకకాలమున సాధ్యములే. ఒక్క వరుస పట్టిక ఈ రెంటిలో మొదటిదానికే చోటిచ్చుచున్నది.

పట్టికలు శాశ్వతములు కావని లోకానుభవమును చెప్పుచున్నది. ఇంగ్లండునందలి సైట్ అండ్ సౌండ్ పత్రిక 1952 మొదలు పదేండ్ల కొకమాఱు విమర్శకుల మతములు సేకరించుచున్నది. మొదటిమాఱు ఇటలీదేశపు బైసికిల్ థీవ్స్ ప్రథమస్థానము పొందెను. 1962 నుండి 2002 వఱకు సిటిజన్ కేన్, 2012లో వెర్టిగో ఆ స్థానమున నిలిచినవి. 2022లో బెల్జియమునకు చెందిన షాంతల్ అకర్‌మన్ 1975లో తీసిన జాన్ డీల్మన్ అగ్రస్థానమునకు వచ్చినది. ఒక గృహిణి వంటపని, ఇంటిపని చేయుటను తీరికగ చూపించు చిత్రమది. చిత్రము మాఱలేదు; మతమిచ్చువారి సంఖ్య పెరిగినది, వారిలో ఇంతకుమున్ను లేని వర్గములవారు చేరిరి. స్త్రీశ్రమను కళావస్తువుగ చూడగల కన్నులు వచ్చిన పిమ్మట ఆ చిత్రము లేచినది. దేవదాసును గూర్చి కాలనీ స్త్రీలు చెప్పిన మాటను, రోజులు మారాయిని గూర్చి భూమి పోయిన వృద్ధుడు చెప్పిన మాటను దీనితో కలిపి చూచినచో, పట్టికను మార్చునది కాలము కాదు, వాదమున కూర్చుండువారని తెలియును.

కావున మా నిర్ణయము లివి. తారతమ్యవాదము నిష్ఫలమని పండితులు చేయు నిరసనము న్యాయము కాదు. కారణము చెప్పి స్థానమిచ్చు ప్రతి ప్రేక్షకుడును లక్షణకర్తయే. పునర్దర్శనసహత్వము, పనితనము, ఔచిత్యము అను మూడు ప్రమాణములు గని పట్టణపు వాదములనుండి గ్రహింపదగినవి. అవి శాస్త్రమున కెచ్చటను విరుద్ధములు కావు. కాని పట్టిక యొక్క వరుసగా నుండరాదు, రెండు వరుసలుగా నుండవలెను. నిత్యముల వరుసలో మాయాబజారునకు ప్రథమస్థానమును, మల్లీశ్వరికి ద్వితీయస్థానమును మేమిత్తుము. నైమిత్తికముల వరుసలో రోజులు మారాయికి ప్రథమస్థానము, పెద్దమనుషులు చిత్రమునకు ద్వితీయస్థానము. దేవదాసు ఏ వరుసలోనిదన్న విషయము ఇంకను విచార్యము. పాటలను బట్టి చూచిన నిత్యము, కథను బట్టి చూచిన నైమిత్తికమని తాత్కాలికముగ చెప్పవచ్చును.

చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. సింగరేణిలో యంత్రములు వచ్చి, తట్టతో చేతితో బొగ్గెత్తు పని అంతరించినది. ఒకప్పుడు లక్షకు మించిన కార్మికుల సంఖ్య నేడు సగమునకు దిగువకు వచ్చినది. మలివిడుదలలలో ఆ చిత్రములను చూచిన తరమువారు ఉద్యోగవిరమణ చేసి చెదరిపోవుచున్నారు. వారి వాదములు ఎచ్చటను వ్రాతబడలేదు. జానపదగేయములను, సామెతలను సేకరించుట పరిశోధనమని విశ్వవిద్యాలయములు ఏనాడో అంగీకరించినవి. జానపదులు చేసిన విమర్శను సేకరించుటయు పరిశోధనమే యని అంగీకరింపవలసియున్నది. ఏ చిత్రమునకు ఏ స్థానమన్నది మఱచినను నష్టము లేదు. ఏ కారణముచేత ఆ స్థానమిచ్చిరో దానిని మాత్రము పోనీయరాదు. తెలుగుశాఖలలోని యువ పరిశోధకులు ఈ విషయమున శ్రద్ధ వహింతురు గాక.